శిబిరంలో కెమెరా: ఆటోనగర్ నేర్పే పాఠాలు

విజయవాడలో బందరు రోడ్డు మీద వెళ్తూ ఆటోనగర్ గేటు దగ్గర ఎప్పుడైనా దిగారా? లోపలికి నాలుగడుగులు వేస్తే చాలు, సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు, పెయింటు వాసన ఎదురొస్తాయి. ఒకచోట లారీకి బాడీ కడుతుంటారు. ఇంకోచోట కమాన్ కట్టలు విప్పి నేలమీద వరసగా పేర్చి ఉంటాయి. ఒకరు క్యాబిన్ తలుపు అంచుకు రబ్బరు బీడింగు బిగిస్తుంటారు. మరొకరు బ్యాటరీ కొసలను ఉప్పుకాగితంతో రుద్ది శుభ్రం చేస్తుంటారు.

చూడటానికి ఇవన్నీ వేర్వేరు పనులు. కాని వీటన్నిటి లక్ష్యం ఒక్కటే. వందల మైళ్ళు తిరిగే ఒక యంత్రం దుమ్మునూ, వాననూ, ఎండనూ, గతుకులనూ తట్టుకుని, మళ్ళీ పనిచేసే స్థితిలోనే ఇంటికి చేరాలి.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మీ బడివాళ్ళు పదిరోజుల ప్రకృతి శిబిరం ఏర్పాటు చేశారనుకోండి. డిసెంబరు చివర మొదలవుతుంది. మొదటి అయిదు రోజులు కొల్లేరు ఒడ్డున, కైకలూరు దగ్గరి ఆటపాకలో మకాం. తక్కిన అయిదు రోజులు కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి వైపు. బడి కెమెరా మీ చేతికిచ్చి, “ఫొటోల బాధ్యత నీదే” అన్నారు. అక్కడ గుడారమే ఇల్లు. కెమెరా పెట్టుకోవడానికి బీరువా ఉండదు. గోడకు ప్లగ్గు ఉండదు. చెడిపోతే బాగుచేసే షాపు కనుచూపు మేరలో ఉండదు. ఆ పదిరోజులూ కెమెరాను ఎలా కాపాడతారు?

ఖరీదైన సంచి కొంటే సరిపోతుందని కొందరంటారు. సంచి మంచిదే. కాని కెమెరాను కాపాడేది సంచి కాదు, మీరు తరగతిలో చదువుకున్న భౌతికశాస్త్రం. లారీని కాపాడేదీ అదే. ఎలాగో ఒక్కొక్కటే చూద్దాం.

గుంటూరులో ఒక పెద్ద మకాం

ముందుగా ఒక పాత కథ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. చంద్రుని నీడ మన దేశం మీదుగా సాగిన దారిలో గుంటూరు, బందరు పట్టణాలు ఉన్నాయి. దాన్ని చూడటానికి మేజర్ టెన్నెంట్ అనే సైనిక ఇంజనీరు నాయకత్వంలో ఒక బృందం దూరదర్శినినీ ఫొటో సామగ్రినీ మోసుకొచ్చి గుంటూరులో మకాం వేసింది. జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూడా తన పరికరాలతో గుంటూరే చేరాడు. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్సన్ బందరుకు వచ్చాడు.

ఆనాటి కెమెరాలో ఫిల్ము కూడా లేదు. గాజు పలకమీద కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, వెండి నైట్రేటు ద్రావణంలో ముంచి, అది తడిగా ఉండగానే ఫొటో తీయాలి. పలక ఆరిపోకముందే చీకటి గదిలో కడగాలి. కొలోడియన్‌లో ఈథర్ ఉంటుంది. వేడి ప్రదేశంలో ఈథర్ తొందరగా ఆవిరైపోతుంది. కాబట్టి కెమెరాతో పాటు చీకటి గదినీ, రసాయనాలనూ, గాజు పలకలనూ వెంట తీసుకువెళ్ళాలి. పైగా అది వానాకాలం.

ఇంత శ్రమా దేనికోసం? సూర్యబింబం పూర్తిగా మరుగుపడి ఉండే అయిదు నిమిషాల పైచిలుకు సమయం కోసం! ఆ కాసేపట్లో పరికరం మొరాయిస్తే మరునాడు మళ్ళీ ప్రయత్నించే వీలు లేదు. పల్చని మబ్బులు అడ్డు వచ్చినా టెన్నెంట్ బృందానికి కొన్ని ఫొటోలు దక్కాయి. ఆ గ్రహణాన్ని వర్ణపటదర్శినితో చూసినవారికి సూర్యుని అంచున ఎగసే జ్వాలలు వేడి వాయువులేనని తెలిసింది. అప్పుడు కనిపించిన ఒక పసుపు గీత వెంటపడి పరిశోధించగా, అది హీలియం అనే మూలకానిదని తేలింది. ఆ మూలకాన్ని 1895లో విలియం రామ్సే భూమిమీద కూడా కనుక్కున్నాడు.

శిబిరంలో తీసే ఫొటో విలువ ఇక్కడే తెలుస్తుంది. మీరు చూడబోయేది గ్రహణం కాకపోవచ్చు. కాని గూటిలో గూడబాతు పిల్లకు మేత పెట్టే క్షణం కూడా మీకోసం మళ్ళీ రాదు. కొల్లేరు సంగతే తీసుకోండి. అది 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం అక్కడ అక్రమంగా వెలసిన చేపల చెరువుల గట్లను పెద్దఎత్తున తెగ్గొట్టించింది. అలాంటి చోట నీరు ఎంతవరకు ఉంది, గూళ్ళు ఎన్ని ఉన్నాయి అని తేదీతో సహా చూపే ఫొటో రేపటికి సాక్ష్యం అవుతుంది. సాక్ష్యాన్ని బూజు తినకుండా చూసుకోవలసిన బాధ్యత మీది.

మొదటి పాఠం: కమాన్ కట్ట

లారీ ఇరుసుకూ బాడీకీ మధ్య కమాన్ కట్టలు ఎందుకు? చక్రం గుంతలో పడినప్పుడు ఆ దెబ్బ ఒక్కసారిగా బాడీకి తగలకూడదు. కట్ట వంగుతూ, దెబ్బను కొంచెం ఎక్కువ సమయం మీద పంచుతుంది. సమయం పెరిగితే బలం తగ్గుతుంది. మీ పాఠంలో ‘ప్రచోదనం’ అని చదివింది ఇదే.

లెక్క వేసి చూద్దాం. మీ కెమెరా బరువు 700 గ్రాములు. అది 80 సెంటీమీటర్ల ఎత్తు బల్లమీదనుంచి పడితే, నేలను తాకే ముందు దాని వేగం సెకనుకు సుమారు 4 మీటర్లు. ద్రవ్యవేగం 0.7 × 4 = 2.8 యూనిట్లు. సిమెంటు నేలమీద అది సెకనులో 500వ వంతు కాలంలో ఆగిపోయిందనుకోండి. సగటు బలం 2.8ను 0.002తో భాగిస్తే వస్తుంది: 1400 న్యూటన్లు. అంటే 140 కిలోల బరువు మీద పడినట్టు! అదే కెమెరా స్పాంజి మధ్య ఉండి, సెకనులో 50వ వంతు కాలంలో మెల్లగా ఆగితే బలం 140 న్యూటన్లే. పదోవంతుకు తగ్గింది.

అలా ఆగడానికి కెమెరా స్పాంజిలోకి సుమారు 4 సెంటీమీటర్లు దిగాలి. కాబట్టి అర అంగుళం స్పాంజి చాలదు. అన్నివైపులా రెండు మూడు అంగుళాల మందం ఉండాలి. సీట్ల పని చేసే షాపుల్లో మిగిలిన ముక్కలు అడిగితే దొరుకుతాయి. మరీ మెత్తగా అణిగిపోయేదీ వద్దు, చెక్కలా గట్టిగా ఉండేదీ వద్దు. వేలితో నొక్కితే నెమ్మదిగా దిగి, వదిలితే తిరిగి లేచే స్పాంజిని ఎంచుకోండి. కెమెరాకూ కటకానికీ, అదే లెన్సుకూ, మధ్య ఒక పొర స్పాంజి తప్పనిసరి. లేకపోతే కుదుపులకు అవే ఒకదానికొకటి కొట్టుకుంటాయి.

బస్సులో పెట్టెను ఎక్కడ పెట్టాలి? వెనుక చక్రాల వెనక సీట్లలో ఎగుడుదిగుళ్ళు ఎక్కువని మీకు అనుభవమే. ముందు, వెనుక చక్రాలకు మధ్యనున్న సీటులో మీ ఒళ్ళో పెట్టుకోండి. మీ కాళ్ళూ కమాన్ కట్టలే!

రెండో పాఠం: రబ్బరు బీడింగు

క్యాబిన్ తలుపుకు బీడింగు పాడైతే ఏమవుతుందో లారీ డ్రైవర్లను అడగండి. సాయంత్రానికి సీటు నిండా ఎర్రమట్టి. తలుపు మూసినప్పుడు రబ్బరు నలిగి, ఇనుముకూ ఇనుముకూ మధ్య ఉన్న సన్నని సందును నింపుతుంది. దుమ్ము, నీరు, గాలి అన్నిటికీ అదే అడ్డం.

మీ కెమెరాకు కూడా ఇలాంటి పెట్టె ఒకటి కావాలి. మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉండి, నాలుగువైపులా బిగించే క్లిప్పులున్న ప్లాస్టిక్ డబ్బా పాత్రల దుకాణంలో దొరుకుతుంది. 20 లీటర్లది చాలు. కొన్నాక పరీక్షించండి. లోపల పొడి కాగితం ఒకటి వేసి మూత బిగించి, పైన రాయి పెట్టి, నీళ్ళలో అయిదు నిమిషాలు ముంచండి. తీసి, పైన బాగా తుడిచి తెరవండి. కాగితం తడిస్తే ఆ డబ్బా బియ్యానికి ఇవ్వండి, కెమెరాకు వద్దు.

దుమ్ము లోపలికి దూరే మరో దారి లెన్సు మార్చే సమయం. లెన్సు తీసిన కెమెరా అంటే తలుపు తీసిన ఇల్లే. గాలికి వీపు పెట్టి నిలబడండి. కెమెరాను తలకిందులుగా, నోరు నేలవైపు ఉండేలా పట్టుకుని మార్చండి. దుమ్ము కిందికి పడుతుంది కాని పైకి ఎగరదు కదా! లెన్సు మీద దుమ్ము కనిపిస్తే నోటితో ఊదకండి. మీ ఊపిరిలో తేమ ఉంటుంది, ఒక్కోసారి ఉమ్మి తుంపర కూడా పడుతుంది. చిన్న రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, ఆ తర్వాతే మెత్తని బట్టతో తుడవండి. ముందే తుడిస్తే ఇసుకరేణువు ఉప్పుకాగితంలా గీతలు పెడుతుంది.

మూడో పాఠం: అద్దం మీద మసక

శీతాకాలం తెల్లవారుజామున లారీ అద్దం మీద లోపలివైపు మసక కమ్ముతుంది. డ్రైవరు మాటిమాటికీ గుడ్డతో తుడుస్తుంటాడు. ఆ నీరు ఎక్కడిది? క్యాబిన్‌లో ఉన్నవాళ్ళ ఊపిరిదే. చల్లని అద్దాన్ని తాకి ఆవిరి నీరయింది. పదిరోజుల శిబిరంలో కెమెరాకు అన్నిటికన్నా పెద్ద శత్రువు ఇదే. కింద పడితే చప్పుడవుతుంది, మీకు తెలుస్తుంది. తేమ చప్పుడు చేయకుండా వస్తుంది.

గాలిలో ఎంత నీటి ఆవిరి ఇముడుతుందనేది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర సుమారు 30 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములే. 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములే. కొల్లేరు ఒడ్డున మధ్యాహ్నం 30 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 60 శాతం అనుకుందాం. అంటే ఘనపు మీటరు గాలిలో 18 గ్రాముల ఆవిరి ఉంది. ఈ గాలిని చల్లబరుస్తూ పోతే సుమారు 21 డిగ్రీల దగ్గర అది నిండిపోతుంది. ఇంకా చల్లబడితే మిగులు ఆవిరి నీటిబొట్లుగా మారక తప్పదు. ఈ 21 డిగ్రీలే ఆ గాలి తుషారస్థానం.

ఇప్పుడు రెండు సందర్భాలు ఊహించండి. మొదటిది: మీరు ఏసీ బస్సులో వచ్చారు. కెమెరా 20 డిగ్రీలకు చల్లబడి ఉంది. దిగగానే ఉత్సాహంగా సంచిలోంచి తీశారు. వెంటనే లెన్సు మీద మసక! తుడిస్తే మళ్ళీ వస్తుంది. అన్నిటికన్నా నష్టం ఏమిటంటే, మీ గుడ్డ చేరలేని లోపలి భాగాలమీద కూడా ఆ నీరు చేరవచ్చు. విరుగుడు తేలికే. బస్సులో ఉండగానే కెమెరాను పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత తీసి, మూతి గట్టిగా కట్టండి. దిగాక అరగంట నుంచి గంట దాకా విప్పకండి. కెమెరా బయటి గాలి అంత వెచ్చబడ్డాక తీస్తే మసక పట్టదు. నీరు చేరినా సంచి మీదే చేరుతుంది.

రెండోది: రాత్రి కెమెరాను గుడారం బయట స్టాండు మీదే వదిలేశారు. ఆరుబయట ఉన్న వస్తువు రాత్రంతా ఆకాశంలోకి వేడిని వెదజల్లి, చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది. అందుకే గడ్డిపరకల మీద మంచు కురిసినప్పుడు కూడా చెట్టుకింద నేల పొడిగా ఉండటం చూస్తాం. చెట్టు ఆ వేడిని కొంత తిరిగి పంపుతుంది. కాబట్టి పొద్దు వాలగానే కెమెరా డబ్బాలోకి, డబ్బా గుడారంలోకి చేరాలి. గుడారంలోనైనా నేలమీద కాదు, ఏ ఇటుకల మీదో చెక్కమీదో పెట్టాలి. నలుగురు పడుకున్న గుడారంలో తెల్లవారేసరికి లోపలి గుడ్డ తడిగా ఉంటుందని గుర్తుంచుకోండి. లారీ అద్దం కథే ఇదీ.

డబ్బా లోపలి తేమ మాటేమిటి? ఇక్కడ సిలికాజెల్ పనికొస్తుంది. కొత్త బూట్ల పెట్టెలో చిన్న పొట్లంగా వచ్చేది అదే. దానికి లెక్కలేనన్ని సన్నని రంధ్రాలుంటాయి. నీటి అణువులు వాటి గోడలకు అంటుకుంటాయి. దీన్ని అధిశోషణం అంటారు. ఎంత కావాలో లెక్క చూడండి. 20 లీటర్లంటే ఘనపు మీటరులో 50వ వంతు. మనం చెప్పుకున్న గాలి ఆ డబ్బా నిండా ఉంటే అందులోని ఆవిరి 18ని 50తో భాగిస్తే వచ్చేంత, అంటే 0.36 గ్రాములు. సిలికాజెల్ తన బరువులో అయిదో వంతు నీటిని తేలికగానే పట్టుకుంటుంది. 50 గ్రాముల జెల్ 10 గ్రాముల నీటిని తీసుకుంటుంది. అంటే డబ్బాను పాతికసార్లకు పైగా తెరిచి మూయవచ్చు.

లెక్క బాగానే ఉంది కదా! కాని ఒక చిక్కుంది. తడిసిన పట్టీ, చెమట పట్టిన సంచి, మడిచిపెట్టిన తుండుగుడ్డ వీటిలో గాలిలో కన్నా ఎన్నోరెట్లు నీరు దాగి ఉంటుంది. వాటిని అలాగే డబ్బాలో పెడితే జెల్ ఒక్క రోజులో చేతులెత్తేస్తుంది. కాబట్టి పట్టీలనూ సంచినీ ముందు ఎండలో ఆరబెట్టి, చల్లారాక లోపల పెట్టండి.

రంగు మారే సిలికాజెల్ కొంటే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది. నీలిరంగు జెల్‌లో కోబాల్టు క్లోరైడు ఉంటుంది. అది ఆరోగ్యానికి మంచిది కాదు. నారింజరంగు రకం అడిగి తీసుకోండి. రంగు మారాక పారేయనక్కరలేదు. పాత ఇనుప మూకుడులో, సన్నని సెగమీద, పెద్దల సమక్షంలో వేడిచేస్తే నీరు పోయి మొదటి రంగు తిరిగి వస్తుంది. ఆ మూకుడును మళ్ళీ వంటకు వాడకూడదు. కెమెరాను బియ్యంలో పెట్టమని కొందరు చెబుతారు. బియ్యం సిలికాజెల్ అంత బాగా తేమ పీల్చదు సరికదా, తవుడు పొడి సందుల్లోకి దూరుతుంది.

తేమను అశ్రద్ధ చేస్తే ఏమవుతుంది? ఆర్ద్రత రోజుల తరబడి 65 శాతం దాటి ఉంటే, చీకటిగా ఉన్న లెన్సులో బూజు మొలుస్తుంది. సాలెగూడులా సన్నని పోగులు. ఆ శిలీంధ్రం విడిచే ఆమ్లాలు గాజుమీది పూతను తింటాయి. బూజును తుడవవచ్చు, తిన్న పూత తిరిగి రాదు. అందుకే శిబిరం ముగిసి ఇల్లు చేరాక కూడా తడిసిన సంచిలో కెమెరాను వదిలేసి పరీక్షల చదువులో పడిపోకూడదు.

నాలుగో పాఠం: తుప్పు

ఆటోనగర్‌లో పెయింటు వేసేముందు తుప్పును రుద్ది రుద్ది తీస్తారు. సముద్రతీరంలో తిరిగే బండికి తుప్పు తొందరగా పడుతుందని అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. హంసలదీవి మకాంలో మీకు ఎదురయ్యేది ఇదే.

అలలు విరిగినప్పుడు లేచే తుంపరలు గాలిలోనే ఆరి, కంటికి కనబడని ఉప్పు రేణువులుగా మారి కెమెరా మీద పడతాయి. పొడి ఉప్పు పెద్దగా హాని చేయదు. కాని ఆర్ద్రత 75 శాతం దాటితే ఉప్పు గాలిలోని తేమను లాక్కుని తానే కరిగి ద్రావణమైపోతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పుజాడీ చెమర్చడం చూశారుగా! ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది, లోహాన్ని తొందరగా తినేస్తుంది. తీరంలో ప్రతి రాత్రీ ఆర్ద్రత ఆ గీత దాటుతుంది. అంటే పగలు పడ్డ ఉప్పు రాత్రి పని మొదలుపెడుతుందన్నమాట.

కాబట్టి చీకటి పడకముందే ఉప్పును తొలగించాలి. పొడిగుడ్డతో రుద్దితే రేణువులు గీతలు పెడతాయి. మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా బాడీని ఒత్తుతూ తుడవండి. వెంటనే పొడిగుడ్డతో తడి తీసేయండి. ఆ తరువాతే డబ్బాలోకి. కెమెరా స్టాండు కాళ్ళను కూడా మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

అయిదో పాఠం: బ్యాటరీ

లారీకి సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసలో కలిపి ఉంటాయి. ఒక్కొక్కటి 100 ఆంపియర్-గంటలదైతే, దానిలోని శక్తి 12 × 100 = 1200 వాట్-గంటలు. మీ కెమెరా బ్యాటరీ సాధారణంగా 7.2 వోల్టులది, 1000 మిల్లీ ఆంపియర్-గంటలది. అంటే ఒక ఆంపియర్-గంట. శక్తి 7.2 వాట్-గంటలు మాత్రమే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 10,000 మిల్లీ ఆంపియర్-గంటల పవర్‌బ్యాంకు ఉంది కాబట్టి 1000 అంకె గల కెమెరా బ్యాటరీని పదిసార్లు నింపవచ్చని అనుకుంటారు. నింపలేరు. ఎందుకంటే పవర్‌బ్యాంకు లోపలి ఘటం వోల్టేజి 3.7 మాత్రమే. దాని శక్తి 3.7 × 10 = 37 వాట్-గంటలు. వోల్టేజి మార్చడంలోనూ వేడిగానూ మూడోవంతు దాకా పోతుందనుకుంటే మిగిలేది 25. దాన్ని 7.2తో భాగించండి. మూడుసార్లకు కొంచెం పైన, అంతే. ఆంపియర్-గంటలను కాదు, వాట్-గంటలను పోల్చాలి.

ఈ లెక్క వేసుకుని బయలుదేరండి. రోజుకు ఒక బ్యాటరీ ఖర్చయితే పదిరోజులకు 72 వాట్-గంటలు. మూడు బ్యాటరీలు నింపుకుని వెళ్తే 21.6. నిండా నింపిన పవర్‌బ్యాంకు ఒకటి ఉంటే ఇంకో 25. రెండూ కలిపి 47 కూడా లేవు. ఇంకా 25 తగ్గాయి. రెండో పవర్‌బ్యాంకు తీసుకోవాలి, లేదా 20 వాట్ల మడత సోలార్ పలక తీసుకోవాలి. దాన్ని నాలుగు గంటలు ఎండలో పెడితే సిద్ధాంతం ప్రకారం 80 వాట్-గంటలు. నీడలు, మబ్బులు, నష్టాలు పోగా సగమే వచ్చినా ఒక్క రోజులో మీ లోటు తీరిపోతుంది. పలకను ఎండలో పెట్టండి, బ్యాటరీని మాత్రం నీడలో పెట్టండి. లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటిన వేడి హానికరం. ఎండలో మూసి ఉంచిన కారులో ఉష్ణోగ్రత దానికన్నా ఎక్కువే అవుతుంది.

బ్యాటరీ విప్పేటప్పుడు ఆటోనగర్ మెకానిక్ ముందు నెగెటివ్ వైరు తీస్తాడు. లారీ బాడీ అంతా నెగెటివ్ కొసకే కలిపి ఉంటుంది. ముందే పాజిటివ్ విప్పబోతే స్పానరు పొరపాటున బాడీకి తగిలి షార్టు సర్క్యూట్ అవుతుంది. మీ జేబులో కెమెరా బ్యాటరీ, చిల్లర, తాళంచెవి కలిపి వేసినా అదే ప్రమాదం. చిన్న బ్యాటరీయే కదా అనుకోకండి, జేబు కాల్చడానికి అది చాలు. బ్యాటరీ కొసలకు మూత పెట్టండి, లేదా టేపు అంటించండి.

ఆరో పాఠం: స్టెపినీ

స్టెపినీ చక్రం లేకుండా ఏ లారీ బయలుదేరదు. మీ స్టెపినీలు మూడు: అదనపు బ్యాటరీ, అదనపు మెమరీ కార్డు, ఫొటోల నకలు. మొదటి రెండూ ఎవరైనా తీసుకువెళ్తారు. మూడోదే మరిచిపోతారు. కెమెరా పోతే మరొకటి కొనవచ్చు. గూటిలో పిల్లకు మేత పెట్టిన క్షణాన్ని కొనలేరు. కాబట్టి ప్రతిరాత్రీ ఆనాటి ఫొటోలను ఇంకోచోటికి, మాస్టారి కంప్యూటరులోకో వేరే కార్డులోకో, ఎక్కించండి. రెండు నకళ్ళనూ ఒకే డబ్బాలో పెట్టవద్దు. స్టెపినీని నడుస్తున్న చక్రానికే కట్టుకుంటామా?

నకలుతో పాటు ఒక నోటుపుస్తకం కూడా ఉండాలి. ఫొటో సంఖ్య, తేదీ, గంట, స్థలం, ఏ దిక్కుకు తిరిగి తీశారు, ఏం చూశారు అని పెన్సిలుతో రాయండి. పెన్సిలు రాత తడిసినా చెరగదు. ఆటపాకలో పక్షులు గూళ్ళు పెట్టుకునే ఒకే చెట్టును ఒకేచోట నిలబడి ఫొటో తీసి ఆ వివరాలు రాస్తే, వచ్చే సంవత్సరం మీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అదేచోట నిలబడి మళ్ళీ తీస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి గూళ్ళు లెక్కపెట్టవచ్చు. అప్పుడది వట్టి బొమ్మ కాదు, కొలత.

ఒక మాట మరవకండి. ఇవి అభయారణ్యాలు. అటవీశాఖ అనుమతి తీసుకోవాలి, చెప్పిన హద్దులు దాటకూడదు. గూళ్ళ దగ్గరికి పోతే తల్లిపక్షి ఎగిరిపోతుంది, గుడ్లు ఎండకు మాడిపోతాయి. తీరంలో రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఫ్లాషు వెలుగుకు అవి బెదిరి వెనుదిరగవచ్చు. గుడ్లనుంచి వెలువడిన పిల్లలు వెలుగును చూసి సముద్రంవైపు నడుస్తాయి. మీ లైటు వాటిని దారి తప్పిస్తుంది. అలాంటిచోట కెమెరాను డబ్బాలోనే ఉంచి కళ్ళతో చూడటం కూడా నేర్చుకోవాలి.

ఇంట్లోనే చేసి చూడండి

శిబిరానికి వెళ్ళకముందే తుషారస్థానాన్ని మీరే కొలవవచ్చు. పలుచని స్టీలు గ్లాసును బయట బాగా తుడిచి, సగం దాకా నీళ్ళు పోయండి. బడి ప్రయోగశాల ఉష్ణమాపకాన్ని అందులో ఉంచండి. చిన్న చిన్న ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ పుల్లతో కలుపుతూ ఉండండి. గ్లాసు బయట మొదటి మసక కనిపించగానే ఉష్ణోగ్రత రాసుకోండి. అదే ఆనాటి మీ గదిలోని గాలి తుషారస్థానం. వారం రోజులు ఉదయం, సాయంత్రం కొలిచి పట్టిక వేయండి. మీ ఊళ్ళో రాత్రి ఉష్ణోగ్రత ఆ అంకెకన్నా దిగువకు పోయిన రోజుల్లో తెల్లవారి గడ్డిమీద మంచు ఉందో లేదో చూడండి.

శిబిరంలో ఐసు దొరకదు. రెండు ఉష్ణమాపకాలు తీసుకువెళ్ళి ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెండింటినీ నీడలో పక్కపక్కన వేలాడదీయండి. రెండింటి అంకెల మధ్య తేడా ఎక్కువగా ఉంటే గాలి పొడిగా ఉన్నట్టు. తేడా ఒకటి రెండు డిగ్రీలకు తగ్గిందంటే గాలి తేమతో నిండిపోతున్నట్టు. అది చూసిన వెంటనే కెమెరా తుడిచి, డబ్బాలో పెట్టి, మూత నాలుగువైపులా బిగించండి. బీడింగు సరిగ్గా కూర్చుందో లేదో ఆటోనగర్ మెకానిక్ చేసినట్టే వేలితో చుట్టూ ఒకసారి తడిమి చూడటం మరవకండి.